షైర్ నుంచి రివెండెల్‌కి నడిచి వెళ్లడం ఎలా? ఊహాలోకానికి టూర్ ప్లాన్ వేసుకునే పద్ధతి

నవల చదవడం అయిపోయాక "ఆ ఊరికి నేనూ వెళ్తే ఎలా ఉంటుంది" అనుకోని పాఠకులుండరు. దాన్ని నిజంగానే ఒక ఆటగా ఆడుకోవచ్చు. తేదీ వేసుకుని, దారి గీసుకుని, మూట సర్దుకుని, రోజుకో మజిలీ చొప్పున వెళ్లిరావచ్చు. అది ఎలాగని అడిగేవాళ్ల కోసం ఒక లోకాన్ని తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూపిస్తాను. ఆ లోకం ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ నవల రాసిన టోల్కీన్ సృష్టించిన మిడిల్ ఎర్త్. దారి పొట్టివాళ్లైన హాబిట్లుండే షైర్ నుంచి ఎల్ఫుల పెద్ద ఎల్రోండ్ ఉండే రివెండెల్ దాకా.

ఒక హెచ్చరిక. ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ ఇంకా పూర్తి చెయ్యనివాళ్లు ముందు అది ముగించుకుని రండి. కథ చివర ఏం జరిగిందో తెలియకుండా ఈ టూర్‌కి తేదీ కుదరదు.

## 1. ఆటకి ఒకే ఒక్క నియమం

మీరు కథానాయకుడు కాదు, బాటసారి.

కథంతా తిరిగే ఆ ఉంగరం మీ దగ్గర లేదు. మంత్రగాడు మిమ్మల్ని వెతుక్కుంటూ రాడు. సత్రంలో గది అద్దెకి తీసుకుని, భోజనానికి డబ్బులిచ్చి, పొద్దున్నే లేచి నడిచే మనిషి మీరు. ఈ ఆట మొదలుపెట్టి మూడో రోజుకే విసుగొచ్చి వదిలేసేవాళ్లలో ఎక్కువమంది తమను తాము వీరుల్ని చేసుకున్నవాళ్లే. వీరుడికి అన్నీ జరిగిపోతాయి, బాటసారికి గుర్రం ధర కూడా సమస్యే. ఆ సమస్యల్లోనే ఆట ఉంది.

దీనికి తోకగా ఇంకొక్క మాట: పుస్తకంలో ఉన్నదానికి విరుద్ధంగా ఏదీ కల్పించకూడదు. పుస్తకం చెప్పకుండా వదిలేసిన చోట మీ ఇష్టం.

కావలసినవి:

- పుస్తకం, అనుబంధాలతో సహా. చివరి సంపుటంలోని ఆ అనుబంధాల్లోనే తేదీలన్నీ ఉంటాయి. అవి లేని ప్రతితో పని జరగదు.
- పుస్తకంలోని పటం జిరాక్సు. గీతలు దాని మీదే గీసుకోండి.
- రూళ్ల నోటుబుక్కు.
- నిజంగా నడుస్తూ ఆడాలనుకుంటే మంచి చెప్పులో బూట్లో.

## 2. ఏ సంవత్సరానికి వెళ్లాలి?

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇది. మనవాళ్లు పటం చూసి దారి గీసేసి తేదీని చివర్లో ఏదో ఒకటి రాసేస్తారు. తేదీ తేలాకే దారి.

షైర్ లెక్క (హాబిట్ల సంవత్సరాల లెక్క) ప్రకారం 1418లో కథానాయకుడు ఫ్రోడో ఉంగరంతో బయల్దేరాడు. ఆ శరదృతువులో దారిపొడవునా నల్ల గుర్రపురౌతులు తిరుగుతుంటారు. బాటసారికి ఆ ఏడాది వద్దు.

1419 ఇంకా దారుణం. షైర్ దుండగుల చేతిలో ఉంది. సత్రాలు మూసేశారు, పంటలు ఎత్తుకుపోయారు. నవంబరులో కొట్లాట జరిగి వాళ్లని తరిమేసేదాకా అక్కడ నీళ్లు కూడా నమ్మకంగా దొరకవు.

1420 మాత్రం షైర్ చరిత్రలోనే గొప్ప పంటల సంవత్సరం. బార్లీ ఎంత బాగా పండిందంటే ఆ ఏటి బీరుని తర్వాత చాలాకాలం చెప్పుకున్నారు. పిల్లలు ప్లమ్ పళ్లు చెట్ల కిందే కూర్చుని తిని గింజలు గుట్టలుగా పోశారు. ఏప్రిల్ 6న హాబిటన్ పార్టీ మైదానంలో మల్లోర్న్ చెట్టు మొదటిసారి బంగారు పూలు పూసింది. మే 1న ఫ్రోడోకి తోడుగా నడిచిన శామ్ పెళ్లి.

మరి 1421 దాటాక వెళ్తే? ఆ ఏడు సెప్టెంబరు చివర్లో ఎల్రోండ్, ఆయన దగ్గరే ఉంటున్న ఫ్రోడో ముసలి బంధువు బిల్బో ఓడెక్కి వెళ్లిపోతారు. రివెండెల్‌లో ఇల్లుంటుంది గానీ ఇంటాయన ఉండడు.

మనుషులకి ఇంకో చిక్కు కూడా ఉంది. 1427లో రాజు ఎలెస్సార్ ఒక శాసనం చేశాడు: మనుషులెవరూ షైర్‌లో అడుగుపెట్టకూడదని. తన శాసనాన్ని తానే పాటించి, 1436లో స్నేహితుల్ని చూడటానికి వచ్చినప్పుడు బ్రాండీవైన్ వంతెన దగ్గరే ఆగాడు. రాజుకే వీసా లేని చోట మనకెక్కడిది?

కాబట్టి మిగిలిన కిటికీ చాలా ఇరుకు: 1420 వసంతం నుంచి 1421 వేసవి దాకా. అందులోనూ నా ఓటు 1420 ఆగస్టు 20కి. కారణం, సెప్టెంబరు 22 బిల్బో 130వ పుట్టినరోజు. ఆలోపు రివెండెల్ చేరుకోవచ్చు.

తేదీలు రాసుకునేటప్పుడు గుర్తుంచుకోండి:

- హాబిట్ల క్యాలెండర్‌లో ప్రతి నెలకీ 30 రోజులే. ఆగస్టు 31 అని రాస్తే అక్కడే తప్పు.
- మిగిలిన రోజులు ఏ నెలకీ చెందవు. సంవత్సరం చివర, మొదట యూల్ రోజులు రెండు, నడి వేసవిలో మామూలుగా మూడు.
- అక్కడ ఏ నెలా శుక్రవారంతో మొదలవదు. "శుక్రవారం ఒకటో తారీఖున ఇస్తాలే" అని ఎవరైనా హాబిట్ అంటే ఆ బాకీ వదులుకోండి. ఎప్పటికీ రాని రోజుకి వాళ్ల వాడుక అది.

## 3. ఎవరిగా వెళ్తున్నారు?

పేరు, ఎత్తు, పని. ఈ మూడూ ఒక పేజీలో రాసుకోండి.

ఎత్తు ఎందుకంటే, షైర్‌లో గుమ్మాలు హాబిట్ల కొలతకి ఉంటాయి. మనిషిగా వెళ్తే పొలాల పక్కన పడుకోవడానికి సిద్ధపడాలి. బ్రీ ఊళ్లో ఈ ఇబ్బంది లేదు, అక్కడ మనుషులూ హాబిట్లూ కలిసి ఉంటారు. ప్రాన్సింగ్ పోనీ సత్రంలో చిన్నవాళ్ల కోసం కింది అంతస్తులో గుండ్రటి కిటికీల గదులు విడిగా ఉన్నాయి.

పని దగ్గర చాలామంది తికమకపడతారు. సులువైన జవాబు పుస్తకంలోనే ఉంది. ఫ్రోడో బ్రీలో తాను చరిత్ర, భూగోళం మీద పుస్తకం రాద్దామనుకుంటున్నానని చెప్తాడు. అంతే, సత్రంలో ప్రతివాడూ సమాచారం చెప్పడానికి ఎగబడతాడు. మీరూ అదే చెప్పండి. నోటుబుక్కు చేతిలో ఉంటుంది కాబట్టి అబద్ధం కూడా కాదు.

దొంగపేరు పెట్టుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఫ్రోడో అండర్‌హిల్ అని చెప్పుకుంటే ఆ ఇంటిపేరువాళ్లు సత్రంలోనే కొందరు తేలారు, చుట్టరికం కలిపేసుకున్నారు. అచ్చం మన పెళ్లిళ్లలో "మీ ఇంటిపేరేంటి బాబూ" అన్నట్టే.

## 4. దారిని మజిలీలుగా కోయడం

మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లో చేసినదే మనమూ చేస్తాం. అందులో మణిసిద్ధుడనే యతి పశువుల కాపరి కుర్రాణ్ణి వెంటపెట్టుకుని కాశీకి నడుస్తూ, ఆగిన ప్రతి మజిలీలో ఒక కథ చెప్తాడు. రోజుకింత నడక, రాత్రికి ఒక మకాం, మకాంకి ఒక కథ. ఇంతకంటే మంచి చట్రం ఈ ఆటకి దొరకదు.

అభిమానులు అట్లాసు దగ్గర పెట్టుకుని ఫ్రోడో నడిచిన దారిని సుమారు 458 మైళ్లుగా లెక్కగట్టారు, అంటే 737 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి ముంబయికి రోడ్డు మీద దాదాపు అంత. ఫ్రోడో బృందం 1418 సెప్టెంబరు 23 సాయంత్రం బయల్దేరి అక్టోబరు 20కి రివెండెల్ ముందున్న బ్రూయినెన్ నది రేవు చేరింది. అంటే 27 రోజులు. వాళ్లు అడవుల్లో పడి తిరిగారు, మనం తూర్పు రోడ్డు వదలం.

4.1 హాబిటన్ నుంచి బ్రాండీవైన్ వంతెన: 3 రోజులు. బైవాటర్‌లో గ్రీన్ డ్రాగన్ దగ్గర ఒక బీరు, తర్వాత ఫ్రాగ్‌మోర్టన్. రోడ్డు మీదే ఉన్న ఊరు, ఫ్లోటింగ్ లాగ్ అనే సత్రం ఉంది. అక్కణ్ణుంచి వంతెన 22 మైళ్లు, అంటే 35 కిలోమీటర్లు. అలవాటు లేని కాళ్లకి ఇది ఎక్కువే. ఆ రోజు చీకటితో లేవండి.

4.2 వంతెన నుంచి బ్రీ: 2 రోజులు. షైర్ సరిహద్దుకి బ్రీ 40 మైళ్లు. కుడివైపు పాత అడవి కనిపిస్తుంది. అడ్డదారి కదా అని అటు దిగొద్దు. ఆ అడవిలో దారులు మీరు వెళ్లాలనుకున్న వైపు వెళ్లవు, అది వెళ్లనిచ్చిన వైపే వెళ్తాయి.

అడవి దాటాక వచ్చే సమాధుల దిబ్బలు ఇంకో ఉచ్చు. మధ్యాహ్నం భోంచేసి నిలువురాయికి ఆనుకుని కాస్త కునుకు తీద్దామనిపిస్తుంది. ఫ్రోడో వాళ్లు సరిగ్గా అదే చేశారు. లేచేసరికి పొగమంచు కమ్మేసి, రాత్రికి సమాధిలో తేలారు. కునుకు రోడ్డు మీద ఎక్కడైనా తియ్యండి, అక్కడ మాత్రం వద్దు.

4.3 బ్రీలో విశ్రాంతి: 1 రోజు. చీకటి పడ్డాక ద్వారం మూస్తారు, కాపలావాడు ఆరాలు తీస్తాడు. కాబట్టి వెలుతురుండగానే చేరండి. సత్రం యజమాని బార్లిమన్ బటర్‌బర్ మంచివాడే గానీ మతిమరుపు మనిషి. మంత్రగాడు గాండాల్ఫ్ ఇచ్చిన ఉత్తరాన్నే నెలల తరబడి పంపకుండా మర్చిపోయాడు. ఆయనకి ఏ పని అప్పజెప్పినా రెండుసార్లు గుర్తు చెయ్యండి. ఉత్తరాలు మాత్రం ఇవ్వకండి.

4.4 బ్రీ నుంచి వెదర్‌టాప్ కొండ: 6 రోజులు. బ్రీకి ఒక రోజు నడకలో ఫర్‌సేకెన్ ఇన్ అనే సత్రం వస్తుంది. దాని తర్వాత రివెండెల్ దాకా సత్రం ఆశ వదులుకోండి. రోడ్డుకి ఉత్తరాన ఉన్న చిత్తడి నేలల్లోకి పోకుండా ఉంటే దోమలు కాస్త తక్కువ. పోయినవాళ్ల ఒళ్లు ఏమైందో పుస్తకంలో ఉంది.

4.5 వెదర్‌టాప్ దగ్గర మకాం: 1 రోజు. కొండకి పక్కగా తేటనీటి ఊట ఉంది. 1418లో అక్కడే రేంజర్లు (ఆ ప్రాంతాన్ని కాపలా కాస్తూ తిరిగేవాళ్లు) పేర్చి ఉంచిన కట్టెలు కూడా దొరికాయి. మీరు వాడుకుంటే కొన్ని ఏరి పెట్టి వెళ్లండి.

4.6 వెదర్‌టాప్ నుంచి బ్రూయినెన్ రేవు: 15 రోజులు. తన కాళ్ల మీద, వాతావరణం బాగుంటే 12 రోజులని ఫ్రోడో బృందానికి దారి చూపిన స్ట్రైడర్ అంటాడు. ఆయన కాళ్లు వేరు. హాబిట్లతో కలిసి కనీసం పక్షం అన్నాడు, అదే మన లెక్క. మధ్యలో లాస్ట్ బ్రిడ్జ్ దాటాలి.

ఆ తర్వాత ట్రోల్ల అడవుల్లో రాళ్లయిపోయిన ముగ్గురు ట్రోల్లు (రాక్షసుల్లాంటివాళ్లు) ఉంటారు. ఈ దారిలో చూడాల్సిన చోటు ఒక్కటే చెప్పమంటే నేను ఇదే చెప్తాను. ఒకడి చెవి వెనక పాత పిట్టగూడు ఉంటుంది. ఫ్రోడో బృందం వాళ్ల కాళ్ల నీడలోనే మధ్యాహ్న భోజనం చేసింది. మీరూ ఆ రోజు భోజనం అక్కడికి పెట్టుకోండి.

మొత్తం 28 రోజులు. ఆగస్టు 20న కదిలితే సెప్టెంబరు 18కి చేరతారు. నాలుగు రోజులు చేతిలో ఉంటాయి, వానకో కాలి బొబ్బలకో.

## 5. డబ్బు, గుర్రం, మూట

బరువు మోయడానికి బ్రీలో ఒక పోనీ కొనుక్కుంటే మంచిది. బిల్ ఫెర్నీ అనేవాడు ఫ్రోడో వాళ్లకి బక్కచిక్కిన పోనీని 12 వెండి పెన్నీలకి అంటగట్టాడు. అది అసలు విలువకి కనీసం మూడు రెట్లని పుస్తకమే చెప్తుంది. అంటే అలాంటి పోనీకి న్యాయమైన ధర 4 పెన్నీలకి మించదు. బేరం 2 దగ్గర మొదలుపెట్టండి. కోఠీలో బేరమాడినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు.

సత్రం గది అద్దె పుస్తకంలో ఎక్కడా లేదు. అక్కడ మీ ఊహే. కానీ ఒకసారి రాసుకున్న అద్దెని ప్రయాణం మొత్తం మార్చకండి.

తిండి లెక్క వేరే పేజీలో వెయ్యాలి. హాబిట్లు దొరికితే రోజుకి ఆరు పూటలు తింటారు. ఫర్‌సేకెన్ ఇన్ తర్వాత ఇరవయ్యొక్క రోజులు ఆరు పూటలంటే 126 భోజనాలు, దాన్ని మోయడానికి పోనీల మంద కావాలి. ఆ సత్రం దాటాక మూడు పూటలకి దిగండి.

ఎల్ఫులు చేసే లెంబాస్ రొట్టెలు జాబితాలో రాసేవాళ్లు తప్పకుండా ఉంటారు. ఒక రొట్టెతో రోజంతా నడవొచ్చు, నిజమే. కానీ కథలో అవి చేతికొచ్చేది లోత్‌లోరియెన్‌లో, అది మంచు పర్వతాలకి అవతల. ఈ దారిలో దొరకదు, కొట్టెయ్యండి.

మీ ఇంటి నుంచి ఒక్క వస్తువు తీసుకెళ్లొచ్చని నేను పెట్టుకునే రాయితీ. పిల్లలు ఆడుతుంటే ఈ ఒక్క వస్తువు మీదే గంటసేపు వాదన నడుస్తుంది, నడవనివ్వండి. కారప్పొడి సీసా అయితే వేటమాంసానికీ పుట్టగొడుగులకీ పనికొస్తుంది. సున్నుండలైతే బ్రీ చేరేలోపే అయిపోతాయి.

మూట చెక్‌లిస్ట్:

- తాడు. రివెండెల్ నుంచి బయల్దేరాక తాడు తేలేదని శామ్ తనను తాను తిట్టుకున్నాడు.
- చేతిరుమాలు, టోపీ, చేతికర్ర, డబ్బు. బిల్బో తన మొదటి ప్రయాణానికి ఈ నాలుగూ మర్చిపోయి పరిగెత్తాడు.
- ఉప్పు, చిన్న వంటపాత్రలు.
- దుప్పటి, వానకి పైబట్ట, నీళ్ల తిత్తి.
- హాబిట్‌గా వెళ్తుంటే చెప్పులు తీసెయ్యండి. వాళ్లు వేసుకోరు.

## 6. రోజువారీ ఆట

రెండు రకాలుగా ఆడొచ్చు.

కూర్చుని: రోజుకో మజిలీ. పుస్తకంలో ఆ చోటికి సంబంధించిన పేజీలు చదివి, నోటుబుక్కులో అయిదారు వరుసలు రాయాలి. 28 రోజుల్లో అయిపోతుంది. వేసవి సెలవుల్లో పిల్లలకి సరిగ్గా సరిపోతుంది.

నడిచి: మీరు పార్కులోనో మేడ మీదో నడిచిన కిలోమీటర్లని పటం మీద ఎక్కించాలి. 737 కిలోమీటర్ల లెక్క పెట్టుకుంటే రోజుకి 5 చొప్పున 148 రోజులు, అంటే దాదాపు అయిదు నెలలు. రోజూ కుదరకపోతే టెన్షన్ పడకండి. నడవని రోజు సత్రంలో ఉన్నట్టు రాసుకోండి. ఫర్‌సేకెన్ ఇన్ దాటాక అయితే వానకి చెట్టు కింద చిక్కుకున్నట్టు.

ఏ రకమైనా రోజు చిట్టాలో ఇవి ఉండాలి:

- తేదీ, షైర్ లెక్కలో
- ఎక్కడ పడుకున్నారు
- ఏం తిన్నారు, ఎంత మిగిలింది
- ఎవరు కనిపించారు, ఏమన్నారు
- ఖర్చు

నాలుగోది పొడిపొడిగా రాస్తే పేజీ చచ్చిపోతుంది. "ఒక రైతు కనిపించాడు" అని వదిలెయ్యకండి. అతను ఏం పండిస్తున్నాడు, కిందటి ఏడు దుండగులు వచ్చినప్పుడు ధాన్యం ఎక్కడ దాచాడు, అడగండి. అతను చెప్పే జవాబు మీరే రాయాలి, అయితే పుస్తకంలో అప్పటికి జరిగినదానికి సరిపోవాలి. మొత్తం ఆటలో కష్టమైనదీ బాగుండేదీ ఇదొక్కటే.

## 7. తరచూ జరిగే తప్పులు, సవరణలు

"గద్దలెక్కి వెళ్తే పోలా?" కథలో మనుషుల్ని మోసే ఆ పెద్ద గద్దలు ట్రావెల్స్ బస్సులు కాదు, బాటసారులకి ఆగవు. పటం మీద సరళరేఖ గీసినవాళ్లు దాన్ని చెరిపేసి రోడ్డు వెంట మళ్లీ గీయాలి.

అందరూ కలిసేయడం. ఒకే వారంలో ఆరగోర్న్, గాండాల్ఫ్, లెగొలాస్ చిట్టాలో కనిపిస్తే ఏదో తేడా ఉంది. అనుబంధంలో ఆ ఏడాది ఎవరెక్కడున్నారో చూసుకోండి. పేరున్న పాత్రల్లో ప్రయాణం మొత్తానికి ముగ్గురిని మించి వద్దు. వాళ్లూ దూరం నుంచి కనిపిస్తేనే అందం.

సినిమాని పుస్తకంతో కలపడం. రెండిటిలో కాలం లెక్కలూ సంఘటనలూ వేరు. సినిమాలో షైర్ మీద దుండగుల దాడే లేదు, కాబట్టి మన తేదీ వెనకున్న కారణం సగం కొట్టుకుపోతుంది. ఏదో ఒకదాన్నే పట్టుకోండి. న్యూజిలాండ్‌లోని మటమటా దగ్గర సినిమా కోసం వేసిన హాబిటన్ సెట్‌ని ఆక్లండ్‌లో ఉండే మన తెలుగువాళ్లు వెళ్లి చూసి రావచ్చు. అది వేరే టూర్, దానికి టికెట్ కొనాలి.

ఎల్ఫులని దారి అడగడం. వాళ్లని సలహా అడిగితే అవుననీ కాదనీ రెండూ చెప్తారని షైర్‌లో నానుడి. దారి రైతుల్ని అడగండి.

మధ్యలో ఆగిపోవడం. సాధారణంగా వెదర్‌టాప్ తర్వాత జరుగుతుంది. సత్రాలు ఉండవు, మనుషులు తక్కువ, రాయడానికి ఏమీ తోచదు. అప్పుడు రెండు మూడు రోజులు కలిపి ఒకే పేజీలో రాసి ముందుకి జరగండి. ట్రోల్ల దగ్గరికి చేరితే మళ్లీ ఊపొస్తుంది.

## 8. వేరే లోకానికి వెళ్లాలంటే

పద్ధతి ఇదే, మొదట అడగాల్సిన ప్రశ్న మారుతుంది.

నార్నియాకైతే తేదీ టెన్షన్ లేదు. బీరువాలోంచి వెళ్లిన పిల్లలు అక్కడ ఏళ్ల తరబడి రాజ్యమేలి తిరిగొచ్చేసరికి ఇక్కడ నిమిషాలు కూడా గడవలేదు. ఆఫీసులో సెలవు పెట్టక్కర్లేదు. కానీ వెళ్లే దారి మీరు కోరినప్పుడు తెరుచుకోదు, కాబట్టి ప్లాన్ అంతా "తెరుచుకున్న రోజు జేబులో ఏముంటుంది" అనే దాని మీద వెయ్యాలి.

ఓజ్‌కైతే దారి వెతకక్కర్లేదు, పసుపు ఇటుకల రోడ్డే తీసుకెళ్తుంది. అక్కడ చూసుకోవాల్సింది గసగసాల పూల పొలం. ఆ వాసనకి పడుకుంటే లేవరు. మరకత నగరంలో కళ్లకి పచ్చ కళ్లజోడు పెట్టి తాళం వేస్తారు, పవర్ అద్దాలున్నవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

లిల్లిపుట్‌లో మనుషులు ఆరంగుళాలే. అక్కడ మొదటి లెక్క తిండిది.

పటం, దూరాలు, తేదీలు లేని లోకాన్ని మొదటి టూర్‌కి ఎంచుకోకండి. అన్నీ మీరే కల్పించుకోవాల్సి వస్తే అది టూర్ అవదు, నవల అవుతుంది.

## 9. రివెండెల్ చేరాక

రేవు దాటగానే చేరిపోయినట్టు కాదు. లోయ దగ్గరికి వచ్చేదాకా కనిపించదు, కాబట్టి చివరి రోజు కూడా పగటిపూటే నడవండి.

బిల్బోకి కానుక ఏం తీసుకెళ్లాలని తల బద్దలు కొట్టుకోకండి. హాబిట్లు తమ పుట్టినరోజున తామే ఇతరులకి కానుకలిస్తారు, అవీ మామూలుగా ఖరీదైనవి కావు. మూటలో కాస్త చోటు ఖాళీగా ఉంచుకుంటే చాలు. ఆయనకి 130 ఏళ్లు, మాట మధ్యలోనే నిద్రపోతుంటాడు. అడగాలనుకున్న ప్రశ్నల్లో ముఖ్యమైనది ముందు అడగండి.

తిరుగు ప్రయాణానికి అదే నోటుబుక్కుని వెనకనుంచి తిప్పి మొదలుపెట్టండి. అక్టోబరు కాబట్టి దుప్పటి ఇంకొకటి కావాలి, తిండి సంచులు రివెండెల్ వంటింట్లోనే నింపించుకోవాలి. ఫెర్నీ దగ్గర కాకుండా వేరెవరి దగ్గరైనా కొన్న పోనీ అయితే బ్రీలో కొన్న ధరకే అమ్మేయొచ్చు.